ముక్కు టీకాకు ఏ అడ్జువెంట్? ఎంపికకు ముందు చూడవలసినవి

ముక్కు, చెవి, గొంతు వైద్యులు చేసే పాతకాలపు పరీక్ష ఒకటుంది. ముక్కు లోపలి పక్కగోడ నుంచి వంగి ఉండే కింది మడత మీద చిన్న శాకరిన్ పలుకు పెట్టి, తీపి తెలిసినప్పుడు చెప్పమని రోగిని కూర్చోబెడతారు. శ్లేష్మపొర ఆరోగ్యంగా ఉన్న మనిషికి పది పదిహేను నిమిషాల్లో గొంతులో తీపి తగులుతుంది. ఇరవై నిమిషాలు దాటితే శైలికల, అంటే పొర మీది సన్నని వెంట్రుకల్లాంటి పోగుల, కదలిక మందగించిందని అనుమానిస్తారు. నిమిషానికి అయిదారు మిల్లీమీటర్ల వేగంతో శ్లేష్మాన్ని గొంతు వైపు నెట్టుకుపోయే ఈ శైలికలకు శాకరిన్ పలుకుకూ టీకా చుక్కకూ తేడా తెలియదు. కండరంలోకి ఎక్కించిన టీకా రోజుల తరబడి అక్కడే ఉండి పని చేసుకుంటుంది గానీ, ముక్కులో వేసిన టీకాకు దొరికేది ఆ పావుగంటే.

అడ్డంకి అదొక్కటే అయితే మందును కాస్త జిగురుగా చేస్తే సరిపోయేది. ముక్కు రోజంతా దుమ్మును, పుప్పొడిని, వంటింటి పొగను పీల్చుకునే దారి కనుక, అక్కడి రోగనిరోధక వ్యవస్థ కనిపించిన ప్రతి ప్రోటీన్ మీదా విరుచుకుపడకుండా ఊరుకోవడం నేర్చుకుంది. శుద్ధి చేసిన ప్రోటీన్‌ను ఒంటరిగా ముక్కులో వేస్తే అది ఉదాసీనతనే మూటగట్టుకుంటుంది, కొన్నిసార్లు అంతకన్నా చెడ్డదైన సహనాన్ని, అంటే ఆ ప్రోటీన్ మీద ఇక స్పందించకూడదన్న అలవాటును, కూడా. అందుకే యాంటిజెన్‌తో, అంటే శరీరం గుర్తుపట్టవలసిన రోగకారకపు ముక్కతో పాటు, ఇది పట్టించుకోవలసిన విషయమని కణాలకు చెప్పే మరొక పదార్థం కావాలి. దానినే అడ్జువెంట్ అంటున్నాం. చేతిలో ఒక యాంటిజెన్ ఉండి, దానికి ఏ అడ్జువెంట్ జతచేయాలో తేలక ఆగిపోయిన ఫార్మసీ, మైక్రోబయాలజీ, పశువైద్య పరిశోధక విద్యార్థులను, చిన్న సంస్థల ఫార్ములేషన్ బృందాలను దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను.

## ఏ ప్రమాణాలతో తూచాలి

చాలామంది ఏది ఎక్కువ యాంటీబాడీలు పుట్టిస్తుందన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నా దృష్టిలో అది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న, టీకా వేయించుకునే మనిషి శరీరానికి ఆ రోగకారకం ముందే పరిచయమా కాదా అన్నది. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ వంటి వాటి విషయంలో పెద్దవారిలో దాదాపు అందరికీ ఏదో ఒక స్థాయి రోగనిరోధక జ్ఞాపకం ఉంటుంది. పసిపిల్లలకు, కొత్త వ్యాధులకు అది ఉండదు. ముందే ఉన్న జ్ఞాపకాన్ని ముక్కులోకి పిలవడం ఒక పని, లేని జ్ఞాపకాన్ని సృష్టించడం మరొక పని. రెండింటికీ ఒకే బలం గల అడ్జువెంట్ అక్కరలేదు.

రెండో ప్రశ్న, ఆ పదార్థం ముక్కులోంచి ఇంకెక్కడికి పోగలదు అన్నది. ముక్కు పైకప్పులో జల్లెడ లాంటి ఎముక రంధ్రాల గుండా ఘ్రాణనాడి తంతువులు నేరుగా మెదడులోని ఘ్రాణలంబికలను చేరుతాయి. చేతి కండరంలో వేసే మందుకు ఇలాంటి ఇరుగుపొరుగు లేదు. ఇంజెక్షన్‌గా ఎన్నేళ్లు వాడినా, ముక్కు దారిలో సురక్షితమని దాని అర్థం కాదు.

ఆ తరువాతే బలం సంగతి, అది కూడా ఏ రకం బలమో విడమరచుకుని. రక్తంలో తిరిగే ఐజీజీ అనే యాంటీబాడీ పెరగడానికి ముక్కు దారి అవసరం లేదు, సూది చాలు. ముక్కు దారి ఎంచుకున్నామంటే శ్లేష్మంలోకి స్రవించే ఐజీఏ యాంటీబాడీ, శ్లేష్మపొరలోనే కాపురముండే జ్ఞాపక టీ కణాలు కావాలని అర్థం. చివరగా ఫార్ములేషన్ వాస్తవాలున్నాయి. మనిషి ఒక్కో ముక్కు రంధ్రంలో 0.1 నుంచి 0.2 మి.లీ. మించి పోస్తే మిగిలింది గొంతులోకో పెదవి మీదకో జారుతుంది కనుక, యాంటిజెన్‌నూ అడ్జువెంట్‌నూ ఆ కొద్ది పరిమాణంలోనే ఇమడ్చాలి. స్ప్రే తుంపర పది మైక్రాన్ల కన్నా చిన్నదైతే ముక్కు దాటి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

## కలరా, ఈ-కోలి టాక్సిన్‌ల కుటుంబం

1959లో కలకత్తాలో శంభునాథ్ దే కలరా సూక్ష్మజీవి వదిలే విషమే విరేచనాలకు కారణమని నిరూపించారు. ఆ విషమే తరువాతి దశాబ్దాల్లో ప్రయోగశాలల్లో శ్లేష్మపొర అడ్జువెంట్లకు కొలబద్ద అయింది. కలరా టాక్సిన్, దానికి సుమారు 80 శాతం పోలిక గల ఈ-కోలి టాక్సిన్ ఎల్టీ, రెండూ ఒకే కట్టడం: కణం ఉపరితలం మీది జీఎం1 గాంగ్లియోసైడ్‌ను పట్టుకునే అయిదు బీ ముక్కలు, లోపలికి వెళ్లి కణంలో చక్రీయ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచే ఒక ఏ ముక్క. ఎలుకల్లో వీటికి సాటి వచ్చే అడ్జువెంట్ దొరకడం కష్టం. ఐజీఏ, ఐజీజీ, దీర్ఘకాల జ్ఞాపకం అన్నీ వస్తాయి.

మనుషుల్లో ఏం జరిగిందో స్విట్జర్లాండ్ చెబుతుంది. 2000-01 శీతకాలంలో అక్కడ నాసల్‌ఫ్లూ అనే ఇన్‌ఫ్లుయెంజా ముక్కు టీకా అమ్మకానికి వచ్చింది. అందులో వైరోజోములతో (వైరస్ పైపొర ప్రోటీన్లు పొదిగిన కొవ్వు బుడగలతో) పాటు ఎల్టీ అడ్జువెంట్‌గా ఉంది. టీకా వేయించుకున్నవారిలో ముఖం ఒకవైపు వాలిపోయే బెల్స్ పాల్సీ కేసులు కనిపించడంతో దానిని ఉపసంహరించారు. 2004లో ప్రచురించిన అధ్యయనం ఆ ముప్పు సుమారు 19 రెట్లని, టీకా తరువాత 91 రోజుల్లో ప్రతి 10,000 మందికి దాదాపు 13 అదనపు కేసులని లెక్కగట్టింది. టీకా వేసిన కొన్ని రోజుల్లో కాక వారాల తరువాత బయటపడే సమస్య కావడాన, చిన్న ట్రయల్‌లో ఇది కంటికి ఆనకపోవడం విచిత్రం కాదు.

విషాన్ని తీసేస్తే సరిపోదా అన్నది సహజమైన ఆలోచన. ఏ ముక్కలో 63వ స్థానంలోని సెరీన్‌ను లైసీన్‌గా మార్చి, ఎంజైమ్ పనిని పూర్తిగా ఆపిన ఎల్టీకే63ని అలాగే తయారుచేశారు. దానిని ముక్కులో వాడిన హెచ్ఐవీ, క్షయ టీకాల తొలిదశ ట్రయల్స్‌లో ఇద్దరికి తాత్కాలిక ముఖ పక్షవాతం వచ్చిందని 2009లో వెల్లడైంది. అంటే విషం పోయినా చిక్కు పోలేదు. నాడీకణాల మీద పుష్కలంగా ఉండే జీఎం1ను పట్టుకునే బీ ముక్కల మీదకు అనుమానం మళ్లింది. కలరా టాక్సిన్ బీ ముక్క ఒక్కటే ఇచ్చినా ఎలుకల ఘ్రాణనాడుల్లో పోగుపడుతుందని 2000 నాటికే తెలుసు. ఎలుక ముక్కులో దాదాపు సగం ఘ్రాణపొర, మనిషిలో కొద్ది శాతమే, కనుక ఎలుక ఫలితం మనిషికి యథాతథంగా వర్తించదని కొందరు అప్పట్లో ధైర్యం చెప్పుకున్నారు. ఆ ధైర్యం నిలవలేదు.

ఈ కుటుంబంలో రెండు దారులు ఇంకా తెరిచే ఉన్నాయి. రెండు చోట్ల మార్చిన డీఎంఎల్టీని నోటి టీకాలతో వాడుతున్నారు. ఆ దారిలో దానికి మంచి పేరుంది గానీ దానిలోనూ బీ ముక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయని మరవకూడదు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు రూపొందించిన సీటీఏ1-డీడీలో మాత్రం బీ ముక్కలనే తీసేసి, బీ కణాలను పట్టుకునే మరొక భాగాన్ని అతికించారు. జీఎం1 జోలికి పోదు కనుక తర్కం ప్రకారం ఇదే సరైన దిద్దుబాటు.

## టీఎల్ఆర్ ఉద్దీపకాలు

సూక్ష్మజీవి గుర్తులను పసిగట్టే టీఎల్ఆర్ గ్రాహకాలను నేరుగా తట్టిలేపే పదార్థాలివి: టీఎల్ఆర్3కు పాలీ ఐసీ (కృత్రిమ జంటపోగు ఆర్ఎన్ఏ), 4కు ఎంపీఎల్ (బాక్టీరియా పైపొర కొవ్వు నుంచి వచ్చేది), 5కు ఫ్లాజెల్లిన్ (బాక్టీరియా తోక ప్రోటీన్), 9కి సీపీజీ (చిన్న డీఎన్ఏ ముక్క). వీటిలో కొన్ని ఇంజెక్షన్ టీకాల్లో మనకు ముందే పరిచయం. హైదరాబాద్‌లోని బయలాజికల్-ఈ తయారుచేసిన కార్బెవాక్స్‌లో అల్యూమినియం హైడ్రాక్సైడ్‌తో పాటు సీపీజీ 1018 ఉంది. భారత్ బయోటెక్ కోవాగ్జిన్‌లో టీఎల్ఆర్7/8 ఉద్దీపకాన్ని ఆలమ్ (అల్యూమినియం లవణం) మీద అంటించారు. ఈ అనుభవం రసాయన నాణ్యత, తయారీ, నిల్వ విషయాల్లో అక్కరకొస్తుంది. ముక్కు భద్రతను మాత్రం వేరుగా నిరూపించుకోవలసిందే.

వీటితో వచ్చే అసలు చిక్కు ఎలుకలు. ఎలుకల్లో టీఎల్ఆర్9 అనేక రకాల డెండ్రైటిక్ కణాల్లో (యాంటిజెన్‌ను టీ కణాలకు చూపించే కణాల్లో) ఉంటుంది, మనుషుల్లో ప్రధానంగా ప్లాస్మసైటాయిడ్ డెండ్రైటిక్ కణాలకూ బీ కణాలకూ పరిమితం. పైగా రెండు జాతులకూ నచ్చే సీపీజీ అక్షరక్రమాలు వేరు: సీపీజీ 1826 అనేది ఎలుకలకు, సీపీజీ 2006 అనేది మనుషులకు. 1826తో అద్భుతమైన గ్రాఫ్ గీసి, దానినే మనిషి టీకాకు ఆధారంగా చూపించే నివేదికను చదివితే నాకు ముందు జాలి వేస్తుంది, తరువాత అనుమానం వేస్తుంది.

ఉద్దీపకం లేపుతుందే గానీ పట్టి ఉంచదు. అందువల్ల దీనిని ముక్కులో ఒంటరిగా వాడటం కన్నా, అంటుకునే పదార్థంతో జతకట్టడం తెలివైన పని.

## కైటోసాన్

రొయ్య పెంకులోని కైటిన్‌ను గాఢమైన క్షారంతో ఉడికించి ఎసిటైల్ గుంపులను తీసేస్తే కైటోసాన్ వస్తుంది. దేశంలో రొయ్యల సాగులో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో, ప్రాసెసింగ్ ప్లాంట్ల వెనక గుట్టలుపడే తలలూ పెంకులూ దీనికి ముడిసరుకు. ధనావేశం ఉండటం వల్ల రుణావేశం గల శ్లేష్మానికి అతుక్కుంటుంది, శైలికలు నెట్టుకుపోయే వేగాన్ని తగ్గిస్తుంది, కణాల మధ్య బిగుతు కీళ్లను కొద్దిసేపు సడలిస్తుంది. కొంతమేర సహజ రోగనిరోధకతను కూడా కదిలిస్తుంది.

కాగితం మీద ఇంత బాగున్న పదార్థం బల్ల మీద సతాయిస్తుంది. రేకులను మంచినీళ్లలో ఎంతసేపు తిప్పినా కరగవు. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో వేసి రాత్రంతా మాగ్నెటిక్ స్టిర్రర్ మీద వదిలితే, తెల్లారేసరికి పలచటి గంజిలా, కాస్త పసుపు రంగులో తేలుతుంది. అప్పుడు మీ యాంటిజెన్‌ను, అది అలవాటుగా ఉండే పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌తో సహా అందులో పోస్తే, బీకరులో మబ్బు కమ్మి అడుగున తెల్లని పోగులు దిగుతాయి. పీహెచ్ సుమారు 6.5 దాటితే కైటోసాన్ కరిగి ఉండలేదు. నేను మొదటిసారి ఆ పోగులను నానోకణాలుగా పొరబడి రెండు వారాలు సంబరపడ్డాను. యాంటిజెన్ ఆమ్లాన్ని తట్టుకోలేనిదైతే తటస్థ పీహెచ్‌లోనూ కరిగే ట్రైమిథైల్ కైటోసాన్ వైపు వెళ్లాలి, లేదా పొడి రూపం ఎంచుకోవాలి.

పొడి రూపానికి మనుషుల్లో చెప్పుకోదగ్గ సాక్ష్యం ఉంది. నోరోవైరస్ తొడుగును పోలిన కణాలను ఎంపీఎల్‌తోనూ కైటోసాన్‌తోనూ కలిపి పొడిగా ముక్కులో ఇచ్చి, తరువాత వాలంటీర్లకు అసలు వైరస్‌ను తాగించిన ట్రయల్ 2011లో వెలువడింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 69 శాతం మందికి, టీకా తీసుకున్నవారిలో 37 శాతం మందికి వాంతులు, విరేచనాల జబ్బు వచ్చింది. ముక్కులో వేసినది పేగును కాపాడటం ఒక విశేషమైతే, పట్టి ఉంచేదీ లేపేదీ కలిసి పనిచేయడం మన పోలికకు అసలు పాఠం.

కొనేటప్పుడు ఎసిటైల్ తొలగింపు శాతం, అణుభారం, ఎండోటాక్సిన్ పరిమితి, ఈ మూడింటినీ ప్రతి బ్యాచ్‌కూ అడగండి. బాక్టీరియా పైపొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్ స్వయంగా టీఎల్ఆర్4 ఉద్దీపకం కనుక, మురికి కైటోసాన్ ఎలుకల్లో శుభ్రమైనదాని కన్నా గొప్పగా పనిచేసినట్టు కనిపిస్తుంది. రొయ్యల ఎలర్జీకి ప్రధాన కారణం కండలోని ట్రోపోమయోసిన్, పెంకు కాదు. అయినా ఆ ఎలర్జీ గలవారిని ట్రయల్‌లో చేర్చుకునే ముందు ఆలోచించాలి, లేదా శిలీంధ్రాల నుంచి తీసిన కైటోసాన్ వాడాలి.

## నానో ఎమల్షన్‌లు

సోయా నూనెను సర్ఫాక్టెంట్లతో (నూనెనూ నీటినీ కలిపి ఉంచే సబ్బులాంటి పదార్థాలతో) 400 నానోమీటర్ల స్థాయి బిందువులుగా చీల్చే పద్ధతిని మిషిగన్ విశ్వవిద్యాలయంలో అభివృద్ధి చేశారు. అందులోని సీటైల్‌పిరిడీనియం క్లోరైడ్ మౌత్‌వాష్‌లలో ఉండేదే. ఇన్‌ఫ్లుయెంజా యాంటిజెన్‌తో తొలిదశ మానవ ట్రయల్ కూడా జరిగింది. తయారుచేసిన యాంటిజెన్‌తో కలిపితే చాలు కనుక పని తేలిక. అయితే సర్ఫాక్టెంట్ మీ ప్రోటీన్ ఆకృతిని చెదరగొట్టిందో లేదో ముందు చూసుకోవాలి.

## అడ్జువెంట్ లేకుండా: సజీవ టీకాలు, వెక్టర్లు

అమెరికాలో 2003లో అనుమతి పొందిన ఫ్లూమిస్ట్, మన దేశంలో 2010లో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తెచ్చిన నాసోవాక్, రెండూ బలహీనపరచిన సజీవ వైరస్‌లే. అవి ముక్కులో కాస్త పెరుగుతాయి, ఆ పెరుగుదలే అడ్జువెంట్. ముందు జ్ఞాపకం తక్కువగా ఉన్న పిల్లల్లో బాగా పనిచేస్తాయి. పెద్దల్లో ఉన్న యాంటీబాడీలు వైరస్‌ను పెరగకుండానే పట్టేస్తాయి. రోగనిరోధక శక్తి కుంటుపడినవారికి ఇవి తగవు. 2016-17, 2017-18 సీజన్లలో అమెరికా టీకాల సలహా సంఘం ఫ్లూమిస్ట్‌ను సిఫారసు జాబితా నుంచి తప్పించి, 2018-19కి తిరిగి చేర్చడం గమనిస్తే, ఒక్క వైరస్ రకం సరిగా పెరగకపోయినా టీకా మొత్తం ఎలా తడబడుతుందో అర్థమవుతుంది.

కణంలోకి చొరబడినా తిరిగి పెరగలేని వెక్టర్లు, అంటే యాంటిజెన్ జన్యువును మోసుకెళ్లే వైరస్‌లు, మధ్యేమార్గం. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం సాంకేతికతతో చింపాంజీ అడినోవైరస్ మీద నిర్మించిన ఇన్‌కోవాక్‌కు 2022 సెప్టెంబరులో అత్యవసర అనుమతి వచ్చింది, 2023 జనవరి 26న విడుదలైంది. ఒక్కో రంధ్రంలో నాలుగు చొప్పున ఎనిమిది చుక్కలు, మొత్తం 0.5 మి.లీ. అదే కోవకు చెందిన ఆక్స్‌ఫర్డ్ వెక్టర్‌ను, ఇంజెక్షన్‌కు వాడే ద్రావణంతోనే, ముక్కు స్ప్రేగా ఇచ్చిన తొలిదశ ట్రయల్ మాత్రం 2022 అక్టోబరులో నిరాశపరిచింది. కొద్దిమందిలోనే శ్లేష్మపొర యాంటీబాడీలు కనిపించాయి. స్ప్రేలో చాలా భాగం మింగుడుపడి పొట్టలో నాశనమై ఉండవచ్చని పరిశోధకులే ఊహించారు. అమెరికాలో ఆల్టిమ్యూన్ తన అడినోవైరస్ ముక్కు టీకాను 2021 జూన్‌లోనే తగిన ప్రతిస్పందన లేదని ఆపేసింది. వెక్టర్ ఉంటే మిగతా అంతా దానంతటదే సర్దుకుంటుందన్న భరోసా ఇక్కడ లేదు.

## ముందు సూది, తరువాత చుక్క

యేల్ విశ్వవిద్యాలయంలో అకికో ఇవసాకి బృందం 2022లో చూపినది ఈ పోలిక మొత్తాన్నీ కొంత తలకిందులు చేస్తుంది. కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాను ముందు సూదితో ఇచ్చి, తరువాత అడ్జువెంట్ ఏదీ లేని స్పైక్ ప్రోటీన్‌ను ముక్కులో వేస్తే, ఎలుకల్లో శ్లేష్మపొర ఐజీఏ, స్థానిక జ్ఞాపక కణాలు వచ్చాయి. శరీరంలో ముందే తయారై ఉన్న జ్ఞాపకమే ఇక్కడ అడ్జువెంట్ పని చేస్తోంది. ముక్కులో కొత్త రసాయనమేదీ పడదు కనుక నాడుల భయం దాదాపు ఉండదు. అయితే ముందస్తు రోగనిరోధకత లేనివారికి ఇది పనికిరాదు.

| ఎంపిక | ముక్కులో నిలుపుదల | ఉద్దీపన | నాడుల పరంగా ముప్పు | ఎవరికి తగును |
|---|---|---|---|---|
| టాక్సిన్‌లు, బీ ముక్క గలవి | గ్రాహకాన్ని పట్టుకుంటాయి | చాలా ఎక్కువ | మనుషుల్లో బయటపడింది | ప్రయోగశాలలో కొలబద్దగా మాత్రమే |
| సీటీఏ1-డీడీ | తక్కువ | ఎక్కువ | జీఎం1ను పట్టుకోదు | దీర్ఘకాల పరిశోధన |
| టీఎల్ఆర్ ఉద్దీపకాలు | లేదు | ఎక్కువ | విడిగా పరీక్షించాలి | జోడీలో భాగంగా |
| కైటోసాన్ | ఎక్కువ | మధ్యస్థం | తక్కువ | ఆమ్లాన్ని తట్టుకునే యాంటిజెన్ |
| నానో ఎమల్షన్ | మధ్యస్థం | మధ్యస్థం | విడిగా పరీక్షించాలి | నిర్జీవ టీకాలు |
| సజీవ టీకా | తానే పెరుగుతుంది | ఎక్కువ | రకాన్ని బట్టి | పిల్లలు, కోళ్లు |
| సూది తరువాత చుక్క | అవసరం తక్కువ | ముందు జ్ఞాపకం మీద ఆధారం | అతి తక్కువ | ముందే టీకా పడినవారు |

## ఎవరు దేనిని ఎంచుకోవాలి

ఏడాదిలో ప్రాజెక్టు ముగించాల్సిన పీజీ విద్యార్థి అయితే కైటోసాన్ తీసుకుని, రెండో గుంపుకు దానితో పాటు ఒక టీఎల్ఆర్ ఉద్దీపకం చేర్చండి. కలరా టాక్సిన్‌ను పోలికకు మాత్రం ఉంచుకోండి. దానితో వచ్చిన అంకెను మీ విజయంగా చూపించవద్దు.

మనిషి ట్రయల్ వరకు వెళ్లాలనుకునే చిన్న సంస్థ కైటోసాన్-ఎంపీఎల్ జోడీని, సూది తరువాత చుక్క పద్ధతిని పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. లక్ష్యం కోవిడ్, ఇన్‌ఫ్లుయెంజా వంటి పాత పరిచయమైతే రెండోదానికే నా ఓటు. కొత్త వ్యాధైతే, పసిపిల్లలకైతే అడ్జువెంట్ తప్పదు. ఆ పక్షంలో ముఖ నాడుల పరిశీలనను కనీసం మూడు నెలలు కొనసాగించేలా ప్రోటోకాల్ రాసుకోండి. స్విస్ అనుభవంలో కేసులు బయటపడిన గడువు అంత ఉంది.

పశువైద్యుల లెక్క వేరు. కొక్కెర తెగులుకు మొదటి వారంలోనే కోడిపిల్లల కంట్లోనో ముక్కులోనో సజీవ టీకా చుక్క వేయడం మన రైతులకు తరాలుగా అలవాటు. అక్కడ ధర, వేగం నిర్ణయిస్తాయి కనుక, సజీవ టీకా దొరికే వ్యాధికి అడ్జువెంట్ వెతుక్కోవడం వృథా ప్రయాస.

ఎవరైనా సరే, మత్తులో ఉన్న ఎలుక ముక్కులో 50 మైక్రోలీటర్లు పోస్తే అందులో అధికభాగం ఊపిరితిత్తుల్లోకి పోతుందని గుర్తుంచుకోవాలి. రంధ్రానికి అయిదు చొప్పున మొత్తం పది మైక్రోలీటర్లే వేయండి, సాధ్యమైతే మత్తు లేకుండా. ముక్కు కడిగిన నీటిలో ఐజీఏ కొలిచేటప్పుడు ఒక్కో నమూనా ఒక్కో రకంగా పలచబడి ఉంటుంది కాబట్టి, యాంటిజెన్‌కు చెందిన ఐజీఏను అదే నమూనాలోని మొత్తం ఐజీఏతో భాగించి రాయండి.